దండపారుష్యమూ వ్యసనమే

రోగికి ఇవ్వవలసిన మత్తు సూదిమందును తానే వేసుకున్న నర్సును ఏమి చేయాలి? ఈ ప్రశ్నకు మా పద్మనాభంలో నేను విన్న సమాధానం ఒక్కటే. "రిజిస్టరులో పేరు కొట్టివేయాలి, ఇక ఏ ఆసుపత్రి గుమ్మమూ తొక్కనివ్వకూడదు" అని. చెప్పినవారు లోకజ్ఞానం లేనివారు కారు. నావలెనే పింఛను పుచ్చుకుంటున్న ఉపాధ్యాయులు, ఒక బ్యాంకు అధికారి, ఒక విశ్రాంత తహసీల్దారు. వారితో నాకు స్నేహమున్నది, ఈ విషయంలో మాత్రం తగవున్నది. ఆ తగవునే ఈ టపాగా రాస్తున్నాను.

పద్మనాభమనగానే చదువరులకు కొండమీది అనంతపద్మనాభస్వామి, కార్తిక అమావాస్యనాటి మెట్ల దీపాలు, 1794 జూలై 10న కుంఫిణీ సేనతో పోరాడి నేలకొరిగిన విజయనగర ప్రభువు విజయరామరాజు గుర్తుకు వస్తారు. నాకు తెల్లవారుజామున విశాఖ బస్సుకోసం నిలబడే నర్సుపిల్లలు కూడా గుర్తుకు వస్తారు. వీరిలో కొందరు నావద్ద పదవ తరగతిలో సంధులు, సమాసాలు చదివినవారే. కాబట్టి ఈ తగవు నాకు దూరపు సంగతి కాదు.

తెలుగు పండితుణ్ణి గనుక మాటతోనే మొదలుపెడతాను, ఓర్చుకోండి. ఇప్పుడు మనం వ్యసనమంటే చెడ్డ అలవాటు అంటున్నాము. సంస్కృతంలో ఆ మాటకు ఆపద, దుఃఖము అనే అర్థాలు కూడా ఉన్నవి. మన పాత గ్రంథాలలో వ్యసనపడుట అంటే దుఃఖపడుటయే. కౌటిల్యుడు తన అర్థశాస్త్రంలో ఎనిమిదవ అధికరణానికి వ్యసనాధికారికమని పేరు పెట్టి, రాజుకు, మంత్రికి, జనపదానికి, బొక్కసానికి, సైన్యానికి వచ్చే కీడులను అందులో చర్చించాడు. మద్యపానమూ జూదమూ అక్కడే వస్తవి, అగ్ని, వరద, కరవు, రోగమూ అక్కడే వస్తవి. అంటే ఆ పెద్దలు తాగుడును వరదతోనూ రోగంతోనూ ఒకే అధికరణంలో కూర్చోబెట్టారు.

సప్తవ్యసనాలను గురించి వినని తెలుగువాడుండడు. స్త్రీలోలత్వము, జూదము, వేట, పానము, వాక్పారుష్యము, దండపారుష్యము, అర్థదూషణము. ఆరవదానిని గమనించండి. తప్పుకు మించిన శిక్ష వేయడం దండపారుష్యం. నీతిశాస్త్రకారులు దానిని మద్యపానం పక్కనే కూర్చోబెట్టారు. "పేరు కొట్టివేయండి" అని ఉత్సాహంగా పలికే నా మిత్రులు తాము కూడా ఒక వ్యసనం చెప్పుచేతలలో ఉన్నామని ఎరుగరు.

ఇంతకూ మన దగ్గర పేర్లు కొట్టివేస్తున్నారా? అదీ జరగడం లేదు. జరుగుతున్నది ఇంకొకటి, నా లెక్కన అంతకంటె చెడ్డది.

నావద్ద చదివిన ఒక పిల్ల ఉన్నది. ఆమె పేరు చెప్పను, ఆసుపత్రి పేరూ చెప్పను. జీఎన్ఎం పూర్తిచేసి నగరంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో చేరింది. చేరేటప్పుడే సర్టిఫికెట్ల అసలు ప్రతులు యాజమాన్యం బీరువాలోకి వెళ్ళిపోయినవి. రాత్రి డ్యూటీలు, పన్నెండేసి గంటలు. మంచం పట్టిన రోగులను ఎత్తి ఎత్తి నడుము పట్టేసింది. తోటి సిస్టరు ఒకామె ట్రమడాల్ సూది వేసింది. నొప్పి పోయింది, నిద్ర పట్టింది, మరునాడు డ్యూటీకి రాగలిగింది. తరువాత పెంటజోసిన్. శస్త్రచికిత్స అయిన రోగులకు ఫెనర్గాన్‌తో కలిపి ఫోర్ట్విన్ ఇవ్వడం మన ఆసుపత్రులలో ఏళ్ళుగా ఉన్న అలవాటు. రోగికి సగం చాలినప్పుడు మిగిలిన సగం ఎక్కడికి పోయిందని అడిగేవారు లేరు. ఏడాది గడిచిన తరువాత ఒకనాడు రిజిస్టరుకూ ఖాళీ ఆంప్యూళ్ళకూ లెక్క కుదరలేదు.

అప్పుడేమి జరిగింది? పోలీసులు రాలేదు, కౌన్సిలుకు ఉత్తరం పోలేదు, వైద్యుడూ చూడలేదు. ఒక గదిలో కూర్చోబెట్టి రాజీనామా రాయించుకున్నారు. తండ్రిని పిలిచి "అమ్మాయికి ఒంట్లో బాగుండటం లేదు, తీసుకుపొండి" అన్నారు. ఆసుపత్రి పేరు బజారున పడకుండా, పని సంతృప్తికరమని ఒక సర్టిఫికెట్టు కూడా ఇచ్చారు. ఆ కాగితంతో మూడు వారాలలో ఆమె ఇంకొక ఆసుపత్రిలో, మళ్ళీ ఐసీయూలోనే, మళ్ళీ అటువంటి బీరువా తాళంచెవితోనే ఉన్నది. ఆ తరువాతి కథ మీరు ఊహించగలరు.

"మేస్టారండీ, నాలుగు తిట్లు తిట్టినా బాగుండేది. ఒక్కరు కూడా మందు తీసుకోమని చెప్పలేదండీ" అన్నదామె నాతో. చివరకు చికిత్స తీసుకున్నది, నిలబడ్డది కూడా. కాని నర్సుగా తిరిగి రావడానికి దారి ఎవరూ చూపలేకపోయారు. ఇప్పుడొక బట్టల దుకాణంలో లెక్కలు రాస్తున్నది. మూడేళ్ళు చదివిన చదువు అటకెక్కింది.

ఈ గుట్టుచప్పుడు కాని సాగనంపడమే నేను తప్పుపట్టేది. దీనివలన నర్సు బాగుపడదు, రోగికి రక్షణ ఉండదు. ఆసుపత్రి పరువు ఒక్కటే దక్కుతుంది. ఇది ఎంత దూరం పోగలదో అమెరికాలో ఒకసారి రుజువైంది. డేవిడ్ క్వియాట్‌కౌస్కీ అనే అతడు నర్సు కాడు, గుండె పరీక్షల విభాగంలో సాంకేతికుడు. ఫెంటనిల్‌కు బానిస. అరిజోనాలో 2010లో మరుగుదొడ్డిలో సిరంజితో స్పృహలేకుండా దొరికాడు, ఉద్యోగం పోయింది. పోయిన కొద్దికాలానికే ఇంకొక రాష్ట్రంలో ఇంకొక ఆసుపత్రి అతణ్ణి చేర్చుకుంది. అతనికి హెపటైటిస్ సి ఉన్నది. రోగులకు సిద్ధం చేసిన సిరంజిలను తాను వాడుకుని, వాటిలో ఉప్పునీరు నింపి పెట్టేవాడు. న్యూహాంప్‌షైర్‌లోని ఎక్సెటర్ ఆసుపత్రిలో 2012లో బయటపడేసరికి పలు రాష్ట్రాలలో పదులకొద్దీ రోగులకు ఆ జబ్బు అంటుకున్నది. 2013లో అతనికి 39 సంవత్సరాల జైలుశిక్ష పడింది. శిక్ష సబబే. కాని వేటు వేసి, ఎవరికీ చెప్పకుండా చేతులు దులుపుకున్న ఆసుపత్రులు చేసిందేమిటి?

అదే దేశంలో నర్సుల విషయమై ఇంకొక పద్ధతి కూడా ఉన్నది. అమెరికన్ నర్సుల సంఘం 1982లోనే, వ్యసనానికి లోనైన నర్సును శిక్షకంటె ముందు చికిత్సకు పంపాలని తీర్మానించింది. ఫ్లోరిడాలో 1983లో చట్టం ద్వారా ఒక కార్యక్రమం ఏర్పడింది. కాలిఫోర్నియా, టెక్సాస్ ఆ దశకంలోనే అదే దారి పట్టినవి. లైసెన్సు ఇచ్చే బోర్డుల జాతీయ మండలి 2011లో ఈ కార్యక్రమాలన్నిటికీ మార్గదర్శక గ్రంథం ఒకటి వెలువరించింది.

దాని తీరు చెబుతాను. "క్షమించి వదిలేయడం" అని నా మిత్రులు అనుకుంటున్నారు గాని, ఇది అంత మెత్తని వ్యవహారం కాదు. నర్సు తానై వచ్చినా, పట్టుబడి వచ్చినా, ముందు పని మానాలి. నిపుణులు పరీక్షించి చికిత్స చేస్తారు. తరువాత మూడు నుంచి అయిదు సంవత్సరాలకు ఒప్పందం. తిరిగి పనిలో చేరిన తొలినెలలలో మత్తుమందుల బీరువా తాళంచెవి ఆమె చేతికి రాదు. ఆ మందులు ఆమె రోగులకు ఇంకొకరు ఇస్తారు. రాత్రి డ్యూటీ లేదు, అదనపు గంటలు లేవు, ఒంటరిగా ఇళ్ళకు వెళ్ళి చేసే సేవ లేదు. పైఅధికారి ఒకరు కనిపెట్టి ఉండి బోర్డుకు నివేదికలు పంపుతారు. ప్రతి ఉదయం ఫోను చేసి, ఈ రోజు పరీక్షకు తన వంతు వచ్చిందా అని తెలుసుకోవాలి. వస్తే ఆ రోజే మూత్రపరీక్ష. వారం వారం తోటివారి సమావేశం. ఒప్పందం తప్పితే బోర్డు ముందు నిలబడవలసిందే. ఇటువంటి కార్యక్రమాలలో చేరిన 7 వేలకు పైగా నర్సుల వివరాలు పరిశీలించిన అధ్యయనం 2020లో వచ్చింది. రోజూ ఫోను చేసి కనుక్కోవడం, నెలకు కనీసం రెండు పరీక్షలు, క్రమం తప్పని సమావేశాలు, కనీసం మూడేళ్ళ పర్యవేక్షణ, ఇవి ఉన్నచోట గట్టెక్కినవారు ఎక్కువ అని అది తేల్చింది. పేరు కొట్టివేయడం ఒక్క సంతకంతో అయిపోతుంది. ఈ పద్ధతికి అయిదేళ్ళ ఓపిక కావాలి. ఏది కఠినమో మీరే చెప్పండి.

అమెరికావారి పద్ధతిని యథాతథంగా దిగుమతి చేసుకొమ్మని మాత్రం నేను అనడం లేదు. అందులో లోపాలున్నవి. పరీక్షల ఖర్చును చాలాచోట్ల నర్సే భరించాలి. ఉద్యోగం మానుకున్న మనిషి ఎక్కడినుంచి తెస్తుంది? కొంతకాలం ఒక మద్యపరీక్షను గుడ్డిగా నమ్మారు. అది ఎంత సున్నితమంటే చేతులు శుభ్రం చేసుకునే శానిటైజర్ వలన కూడా తాగినట్టు చూపగలదు. రోజుకు వందసార్లు చేతులు శుభ్రం చేసుకునేది నర్సు కాక ఎవరు? ఆ ఒక్క పరీక్షను ఆధారం చేసుకుని చర్య తీసుకోరాదని అక్కడి ప్రభుత్వ సంస్థే 2006లో హెచ్చరించవలసి వచ్చింది. ఇండియానా రాష్ట్ర నర్సింగ్ బోర్డు సంగతి ఇంకా విడ్డూరం. వ్యసనానికి వైద్యుడు రాసిచ్చిన మందు వాడుతున్న నర్సులను, ఆ మందు మానితే తప్ప కార్యక్రమంలో ఉండనివ్వమన్నది. అది వికలాంగుల హక్కుల చట్టానికి విరుద్ధమని అమెరికా న్యాయశాఖ 2022లో తేల్చింది. మధుమేహ రోగిని ఇన్సులిన్ మానితేనే ఉద్యోగమన్నట్లున్నది! మన దగ్గర ఇటువంటిది పెడితే మొదటే ఈ గుంటలు చూసుకుని నడవాలి.

బ్రిటన్‌ది మరొక దారి. అక్కడి నర్సింగ్ కౌన్సిల్ ఆరోగ్యానికి సంబంధించిన విచారణలను సాధారణంగా బహిరంగంగా చేయదు. వ్యసనం కేవలం ఆరోగ్య సమస్యగా ఉన్నప్పుడు మొదటి విచారణలోనే పేరు కొట్టివేయదు. షరతులమీద పని చేయనిస్తుంది, లేదా కొంతకాలం ఆపుతుంది. అట్లా కనీసం రెండేళ్ళు గడిచిన తరువాతగాని శాశ్వతంగా తొలగించే మాట రాదు. ఇక్కడ ఒక సంగతి నాకు మింగుడు పడటం లేదు. మన తెలుగు పిల్లలు పరీక్షలు రాసి, ఆ దేశపు ఆసుపత్రులకు వెళుతున్నారు. మా పద్మనాభం పిల్లకే అక్కడ ఈ జబ్బు వస్తే ఆమెకు విచారణ ఉన్నది, చికిత్స ఉన్నది, తిరిగి వచ్చే దారి ఉన్నది. అదే పిల్ల విశాఖలో ఉండిపోతే ఉన్నది రాజీనామా కాగితం. సొంత ఊళ్ళో లేని గౌరవం పరాయి దేశంలో దొరకడం మనకు సిగ్గు కాదా?

మన చట్టాలు అంత దయలేనివి అనుకోవద్దు. ముక్కలన్నీ ఉన్నవి, కుట్టినవాడే లేడు. మాదకద్రవ్యాల చట్టం 1985 నాటిది. అందులో మత్తుమందు వాడినందుకు ఏడాది వరకు జైలు ఉన్నమాట నిజమే. కాని అందులోనే 64ఎ అనే సెక్షనున్నది. వ్యసనపరుడు తానై ప్రభుత్వ గుర్తింపు ఉన్న ఆసుపత్రిలో చికిత్సకు పూనుకుంటే, వాడకానికి, కొద్దిపాటి పరిమాణానికి సంబంధించిన నేరం విషయంలో ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణ పోవచ్చు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017లో వచ్చింది. మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను అది స్పష్టంగా మానసిక అనారోగ్యంలో చేర్చింది, రోగి వివరాలు గోప్యంగా ఉంచాలన్నది. ట్రమడాల్‌ను 2018లో మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. చికిత్సకు చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉన్నది. ఫోను చేయడానికి 14446, 14416 నంబర్లున్నవి.

లేనిదల్లా నర్సుల రిజిస్టరుకూ వీటికీ నడుమ వంతెన. మన రిజిస్టరు 1926 నాటి మద్రాసు చట్టం వంశంలోది. ఆ వంశపు చట్టాలకు పేరు చేర్చడమూ తెలుసు, పేరు తీయడమూ తెలుసు. నడుమ ఇంకేదీ తెలియదు. 1947లో భారత నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చింది. ఇటీవల నర్సులందరికీ ఒక గుర్తింపు సంఖ్య ఇచ్చి కంప్యూటరులో జాడ పట్టే ఏర్పాటు కూడా చేశారు. ఆమె ఎక్కడున్నదో తెలుస్తుంది, ఎట్లా ఉన్నదో అక్కరలేదు! 2023లో పార్లమెంటు జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. అందులో నైతిక నియమావళికి, నమోదుకు ప్రత్యేకంగా ఒక బోర్డు, రాష్ట్రాలకు కమిషన్లు ఉన్నవి. నియమాలు రాసుకునే వేళ ఈ సంగతిని చేర్చడానికి ఇంతకంటె అదను ఉండదు.

అన్నట్టు, ఇంకొక మాట. ఈ జబ్బు స్త్రీకి వచ్చినప్పుడు మన సమాజానికి మాట కూడా తోచదు. తాగుబోతు, తిండిపోతు, తిరుగుబోతు, ఇవన్నీ పోతుతో ముగిసే మాటలు. పోతు అంటే మగది, దున్నపోతు, మేకపోతు వలె. భాష పుట్టుకలోనే తాగేవాడు మగవాడని తీర్మానించుకున్నాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారామీద తిరగబడ్డారు. 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చినవి. రెండేళ్ళకే అది సడలిపోవడం వేరే కథ. ఆ ఉద్యమం తెలుగునాడుకు గర్వకారణం. కాని అందులో మనకు అలవాటైన బొమ్మ ఒక్కటే, తాగే మగడు, ఏడ్చే ఇల్లాలు. ఏడ్చే ఇల్లాలే సూది వేసుకుంటున్నదంటే నమ్మడానికి మనసొప్పదు. నమ్మక తప్పని రోజున ఆమెను మనిషిగా చూడటానికీ మనసొప్పదు. మగవాడైతే "పాపం, అలవాటు పడ్డాడు" అంటాము. నర్సుకు ఆ "పాపం" దక్కదు. పెళ్ళికాని పిల్లయితే చెప్పనక్కరలేదు, తల్లిదండ్రులే దాచిపెడతారు. దాచిన జబ్బు ముదురుతుంది.

నా మిత్రుల చివరి ప్రశ్నకు వస్తాను. అది గట్టి ప్రశ్నే. "శస్త్రచికిత్స అయి నొప్పితో అరుస్తున్న రోగికి మందుకు బదులు నీళ్ళెక్కితే ఎవరిది పూచీ? రేపు ఆ మంచంమీద మీ మనుమడే ఉంటే?" ఉండవచ్చు. అందుకే అడుగుతున్నాను. ఆ వార్డులో వ్యసనాన్ని దాచుకుని, తాళంచెవి నడుముకు కట్టుకుని తిరిగే నర్సు ఉండటం మేలా? సంగతి తెలిసిన పైఅధికారి కళ్ళముందు, తాళంచెవి లేకుండా, వారానికొకసారి పరీక్షకు లోబడి పనిచేసే నర్సు ఉండటం మేలా? పేరు కొట్టివేస్తారన్న భయమున్నంత కాలం మొదటి రకమే వార్డులలో ఉంటుంది. రోగి సొత్తు దొంగిలించి రోగికి హాని చేసినవారిమీద కేసు పెట్టవద్దని నేననలేదు. ఆ నేరానికి 64ఎ సెక్షను కూడా అడ్డు రాదు. రోగికి కీడు జరగకముందే తానై చెప్పుకునే నర్సుకు తలుపు తీసి ఉంచమంటున్నాను.

చరకసంహిత సూత్రస్థానం తొమ్మిదవ అధ్యాయంలో చికిత్సకు నాలుగు పాదాలు చెప్పారు. వైద్యుడు, మందు, పరిచారకుడు, రోగి. పరిచారకునికి ఉండవలసిన గుణాలు కూడా నాలుగు. సేవ తెలియడం, నేర్పు, రోగియందు అనురాగం, శౌచం. మనవాళ్ళు ఈ నాలుగింటినీ నర్సునుంచి ఆశిస్తారు. ఎంతమంది రోగులకు ఒకరో, ఎంత జీతానికో మాత్రం మాట్లాడరు. భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం బోధనాసుపత్రిలో ముగ్గురు రోగులకు ఒకరు, సాధారణ ఆసుపత్రిలో అయిదుగురికి ఒకరు. నా విద్యార్థినులెవరూ ఆ లెక్క కంటితో చూసిన గుర్తు లేదన్నారు. 2016లో సుప్రీంకోర్టు ఆదేశం మీద కూర్చున్న సంఘం చిన్న ప్రైవేటు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గరాదన్నది. దానిని ఎంతమంది యజమానులు పాటిస్తున్నారో, నా టపా చదివే నర్సులుంటే వారే చెప్పాలి. నడుము విరిగేదాకా పని చేయించి, నొప్పికి సూది వేసుకుంటే నీతి బోధించడం నాకు చేతకాదు.

డబ్బెక్కడిదని తహసీల్దారుగారు అడిగారు. 2019 నుంచి 2024 వరకు మన రాష్ట్ర ప్రభుత్వమే దుకాణాలు పెట్టి మద్యం అమ్మింది. ఆ తరువాత దుకాణాలు ప్రైవేటువారికి పోయినా పన్ను రాబడి ఖజానాకే వస్తున్నది. అందులో ఎన్నో వంతు కావాలి, నర్సులకు మూత్రపరీక్షలు చేయించడానికి? నర్సు తన రిజిస్ట్రేషనును అయిదేళ్ళకొకసారి రెన్యువల్ చేయించుకోవాలి, రుసుము కట్టాలి. ఆ దరఖాస్తు వెనకవైపున "మీకు ఈ ఇబ్బంది ఉంటే ఈ నంబరుకు చెప్పండి, మీ పేరు తొలగించము" అని రెండు వాక్యాలు అచ్చువేయడానికి సిరా ఖర్చు తప్ప మరేమీ కాదు. ఆ రెండు వాక్యాలు తెలుగులో కావలిస్తే, నేను ఉచితంగా రాసిపెడతాను.